పేరు దాచాను, మనిషిని దాచలేదు

వంశవృక్షాలు ఆన్‌లైన్‌లో పెట్టే పనిలోకి ఇప్పుడు చాలామంది కుర్రవాళ్ళు వస్తున్నారు. ఎలా చేయాలో చెప్పమని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తారు. ఎలా చేయకూడదో నాకు అంతకంటే బాగా తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇందులో పేర్లు మార్చాను. పేర్లు మారిస్తే సరిపోదని చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది కాబట్టి, ఏ కొట్టు, ఏ చదువు, ఏ వీధి అన్నవి కూడా మార్చాను. ఈ జాగ్రత్త నాకు ఆలస్యంగా వచ్చింది.

రేకుల షెడ్డు

నందిగామలో రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులో చాలా ఏళ్ళు దస్తావేజులు రాశాను. అమ్మకం, తనఖా, భాగపంపిణీ, వీలునామా, దత్తత. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ రైటరుగారినే.

పైకి అది భూముల పని. లోపల మనుషుల పని. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, పోయినవాళ్ళకు ఎవరు మిగిలారు అన్నది తేలకుండా సెంటు భూమి కూడా చేతులు మారదు. అందుకని ఏ కాగితం మొదలుపెట్టినా ముందు ఒక చిత్తుకాగితం మీద ఆ ఇంటి వంశవృక్షం గీసేవాణ్ణి.

ఆ గీత నేర్పినాయన వీరభద్రయ్యగారు. మా షెడ్డులో అందరికంటే పాత రైటరు. నస్యం పీల్చేటప్పుడు తప్ప కలం కింద పెట్టని మనిషి. నేను చేరిన కొత్తలో రెడ్డిగూడెం నుంచి ఒక రైతు భాగపంపిణీకి వచ్చాడు. పిల్లలెంతమంది అని అడిగితే ముగ్గురన్నాడు, ముగ్గుర్నీ రాశాను. కాగితం వీరభద్రయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆ రైతుతో ఎండల గురించీ మామిడి కాపు గురించీ కాసేపు మాట్లాడి, మాటల్లో మాటగా "పెద్దపిల్ల ఏ ఊళ్ళో ఉంది?" అని అడిగారు. రైతు తల దించుకున్నాడు. ఆ పిల్ల తనకు నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్ళిపోయిందట. మాకది లేనట్టే అన్నాడు.

వీరభద్రయ్యగారు నేను రాసిన కాగితాన్ని నిలువుగా చింపారు. కోపం రైతు మీద చూపించలేదు, నా మీద చూపించారు. "ఆయనకు కోపం. లేదంటాడు. ఉన్న మనిషిని లేదని రాయడానికి నువ్వెవడివిరా?" అన్నారు. తరవాత చల్లబడి, "కాగితంలో లేనివాడు కోర్టులో లేస్తాడు. గుర్తుపెట్టుకో" అన్నారు.

గుర్తుపెట్టుకున్నాను. అంతగా గుర్తుపెట్టుకోకపోయినా బాగుండేది. బతికున్న మనిషిని వదలకూడదు, సంబంధం ఉన్నది ఉన్నట్టు రాయాలి, ప్రతి మాటకూ కారణం చూపించాలి. ఈ మూడూ నా చేతివేళ్ళలోకి దిగిపోయాయి. ఆయన ఇంకొక మాట కూడా చెప్పేవారు: "విన్నది రాసేదాకే నీది. రాశాక మర్చిపో." ఆ మాట చెవిలోనే ఉండిపోయింది, వేళ్ళదాకా రాలేదు.

కర్త ఒప్పుకుంటే చాలనుకున్నాను

ఆఫీసులో అంతా కంప్యూటరు మీదకు మారాక షెడ్డులో జనం పలచబడ్డారు. నేను పని మానేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో జగ్గయ్యపేట నుంచి కోటేశ్వరరావుగారు కబురు పెట్టారు. మిర్చి, కిరాణా హోల్‌సేల్ చేసే పెద్ద కుటుంబం వాళ్ళది. ఆయన అందరికంటే పెద్ద. వాళ్ళ ఇంటిపేరు వాళ్ళందరినీ ఒకే చెట్టులో చూపించే వెబ్‌సైటు కావాలన్నారు.

"మొన్న పెళ్ళిలో వరసకి తాతయ్యే ఆయన్ని మా మనవడు బ్రో అన్నాడండి. ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తిన్లేదు. ఎవరికి ఎవరో పిల్లలకి తెలియాలి. అంతే" అన్నారు.

నాకు అంతకంటే ఇష్టమైన పని ఇంకొకటి లేదు. జగ్గయ్యపేటలో ఇంటర్నెట్ సెంటరు నడిపే రాంబాబు వెబ్‌సైటు తయారుచేస్తాడు, ఇళ్ళకు వెళ్ళి వివరాలు కనుక్కుని ఎక్కించడం నా పని. నందిగామలో బస్సెక్కి పేటలో దిగి, ఇంటింటికీ తిరిగి, కాఫీలు తాగుతూ రాసుకున్నాను.

ఒకసారి మాత్రం అడిగాను. "అందరి వివరాలూ పెడుతున్నాం కదండీ, వాళ్ళకు అభ్యంతరం లేదు కదా?" అని. కోటేశ్వరరావుగారు నవ్వారు. "అందరి తరఫునా నేను చెబుతున్నా కదండీ. రాసుకోండి."

నాకు అది చాలా సహజంగా అనిపించింది. ఉమ్మడి కుటుంబం కాగితాల్లో కర్త, అంటే ఇంటి పెద్ద, సంతకం పెడితే అందరూ పెట్టినట్టే. ఆ అలవాటు కొద్దీ ఆయన మాటను అందరి మాటగా తీసుకున్నాను. ఇంటి పెద్దకు పొలం మీద హక్కు ఉంటే ఉండవచ్చు. కోడలు పుట్టిన సంవత్సరం మీద, మేనకోడలి విడాకుల మీద, తమ్ముడి కొడుకు జబ్బు మీద ఆయనకు ఏ హక్కూ లేదు. ఈ పని చేసే చాలామంది ఇప్పటికీ చేసే తప్పు ఇదే. పెద్దాయన ఒప్పుకున్నాడంటారు. పెద్దాయన తన గురించి మాత్రమే ఒప్పుకోగలడు.

సైటు తెరిచిన వారానికే ఆయన కోడలు ఒకావిడ ఫోన్ చేసింది. స్కూల్లో టీచరు. "రైటరుగారూ, నేను పుట్టిన సంవత్సరం మా ఆయనకే సరిగ్గా తెలీదండి. మా స్కూలు పిల్లలకి తెలిసేలా పెట్టారు. ఇవాళ బోర్డు మీద రాశారు" అంది. నవ్వుతూనే చెప్పింది గానీ నేను వెంటనే పేట బస్సెక్కాను. రాంబాబుతో చెప్పి ఒక ఏర్పాటు చేయించాను. పోయినవాళ్ళ పేజీలు అందరికీ కనిపిస్తాయి. బతికున్నవాళ్ళకు పేరు, ఊరు, తేదీ ఏమీ ఉండవు. వాళ్ళ గడిలో "ఉన్నారు" అన్న ఒక్క మాట మాత్రం కనబడుతుంది.

దాంతో తాళం పడిందనుకున్నాను.

కీ.శే.

పెనుగంచిప్రోలులో ఒక పెద్దాయన ఉండేవారు, కోటేశ్వరరావుగారికి దూరపు బంధువు. ఆయన అన్నగారికి పెట్టాల్సిన కీర్తిశేషుడి గుర్తు ఈయనకు పెట్టాను. ఆయన ఆటోలో పేట వచ్చి నేరుగా రాంబాబు సెంటరులో నా ఎదురుగా కూర్చున్నారు. "చచ్చినవాణ్ణి వచ్చా. కాఫీ చెప్పు" అన్నారు.

నేను లేచి నిలబడి క్షమించమన్నాను. ఆయనకు ఆ కంగారు నచ్చింది. "ఏం పర్లేదు, అలాగే ఉంచెయ్. మా వియ్యంకుడు చూశాడంటే ఫోన్లు చెయ్యడం మానేస్తాడు" అన్నారు. ముగ్గురం నవ్వుకున్నాం. రాంబాబు అక్కడికక్కడే సరిచేశాడు.

ఆ నవ్వులో నేను చూడాల్సిన సంగతి ఒకటి జారిపోయింది. ఆయన్ని పోయినవాళ్ళలో చేర్చగానే ఆయన పేజీ ఊరందరికీ తెరుచుకుంది. ఆ పేజీలో ఆయన కూతుళ్ళ సంగతి, అల్లుళ్ళ ఊళ్ళు, కొడుకు వ్యాపారం నష్టపోయిన సంగతి, అన్నీ నేను "విశేషాలు" అన్న చోట రాసినవే, బయటికి వచ్చేశాయి. కొడుకు గడిలో "ఉన్నారు" అని మాత్రమే ఉంది. తండ్రి పేజీలో కొడుకు బతుకంతా ఉంది. పోయినవాళ్ళ తలుపులోంచి బతికున్నవాళ్ళ ఇల్లు కనిపిస్తుందని ఆ రోజే అర్థమై ఉంటే, తరవాత జరిగింది జరిగేది కాదు.

అచ్చిరాని గోత్రం

అదే కుటుంబంలో సత్యనారాయణగారని ఒకాయన. జగ్గయ్యపేటలో చిన్న స్టీలు సామాన్ల కొట్టు. ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు. ఆవిడ చెల్లెలు శేషు, నందిగామలో ఉంటుంది. చాలా ఏళ్ళ క్రితం ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ భర్తలతో కలిసి మా షెడ్డుకు వచ్చారు. శేషు ఒళ్ళో పసిపిల్ల ఉంది, ఆమెకు రెండో కూతురు. ఆ పిల్లను రాజ్యలక్ష్మిగారికి దత్తత ఇస్తున్నారు. దస్తావేజు నేనే రాశాను. ఎందుకు ఇస్తున్నదీ శేషు ఆ రోజు నా బల్ల దగ్గర ఒక మాటలో చెప్పింది. అది నేను ఇక్కడ రాయను.

వచ్చేటప్పుడు పిల్ల చెల్లెలి ఒళ్ళో ఉంది, వెళ్ళేటప్పుడు అక్క భుజం మీద ఉంది. సత్యనారాయణగారు వెనక్కి వచ్చి, "రైటరుగారూ, ఇది మీ దగ్గరే ఉండిపోవాలండి" అన్నారు. "నా దగ్గరికొచ్చిన మాట ఈ షెడ్డు దాటదండి" అన్నాను. అందరితోనూ అలాగే అనేవాణ్ణి. అప్పటికి అది నిజమే.

ఆ పిల్ల హారిక. రాజ్యలక్ష్మిగారిని అమ్మా అని, శేషుని పిన్నీ అని పిలుస్తూ పెరిగింది. ఆ ఇంటివాళ్ళు ఒక్క సంగతిలో మాత్రం జాగ్రత్తగా ఉండేవాళ్ళు. దత్తు వెళ్ళినా పుట్టిన గోత్రంలో పెళ్ళి చేయకూడదు కదా. అందుకని శేషు భర్త గోత్రం వాళ్ళ సంబంధం గురించి ఎవరైనా సరదాకు ఎత్తినా, రాజ్యలక్ష్మిగారు "ఆ గోత్రం మాకు అచ్చిరాదండి" అనేవారు. ఎందుకని ఎవరూ అడగరు. అచ్చిరాదు అన్నాక మన దగ్గర ఇంక ప్రశ్న ఉండదు. ఎక్కడా రాయకుండా, ఎవరికీ అబద్ధం చెప్పకుండా, తప్పు జరగకుండా నిజాన్ని కాపాడుకునే పద్ధతి అది. నాకు అది తెలుసు. తెలిసి కూడా, వాళ్ళు నోటితో కాపాడినదాన్ని నేను వేలితో పాడుచేశాను.

మండపంలో

సైటు పూర్తయ్యాక కోటేశ్వరరావుగారు కళ్యాణ మండపంలో బంధువులందరికీ భోజనాలు పెట్టి, పెద్ద తెర మీద చెట్టు చూపించారు. అప్పటికి సత్యనారాయణగారు పోయి కొన్నేళ్ళయింది. రాజ్యలక్ష్మిగారు వచ్చారు. హారికకు పరీక్ష ఉండి రాలేదు.

కోడళ్ళ పుట్టిళ్ళను కూడా చెట్టులో చేర్చాం, గడుల్లో పేర్లు లేకపోయినా ఏది ఎవరి ఇల్లో కోటేశ్వరరావుగారు చెబుతున్నారు. శేషు కుటుంబం తెర మీదకు వచ్చింది. పిల్లలకు రెండు గడులు ఉన్నాయి. వెనక వరసలోంచి ఒక ముసలాయన గొంతు లేచింది. "శేషుకి ముగ్గురు కదరా. మధ్యపిల్ల బారసాలకి నేను వెళ్ళా. ఏవయ్యా రైటరూ, ఇన్నేళ్ళు రాశావు, పిల్లల లెక్క రాలేదా?"

నలుగురు నవ్వారు. నేను రాజ్యలక్ష్మిగారి వైపు చూశాను. ఆవిడ కదలకుండా, "బాబాయ్, మీకు లెక్క తప్పింది. ఇంకో లడ్డూ వేయించుకోండి, గుర్తొస్తది" అన్నారు. మళ్ళీ నవ్వులు. ముసలాయన లడ్డూ వేయించుకున్నారు. అంతటితో అయిపోయింది. ఆవిడ అంత నేర్పుగా మూసిన తలుపు అది.

నాకు మాత్రం అయిపోలేదు. ఉన్న మనిషిని వదిలేశావని ఇంతమందిలో అనిపించుకున్నాను. ఇంటికి వచ్చాక వీరభద్రయ్యగారు కాగితం చింపిన చప్పుడు చెవిలో వినబడింది. అది గుర్తుచేసుకుని నన్ను నేను సమర్థించుకున్నాను గానీ, అసలు కారణం అది కాదు. నాకు రోషం వచ్చింది. నాకు లెక్క వచ్చని ఆ ముసలాయనకు తెలియాలి. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

మర్నాడు మధ్యాహ్నం సత్యనారాయణగారి పేజీ తెరిచి విశేషాల దగ్గర ఇలా రాశాను: "సంతానం లేనందున తన తోడల్లుడి రెండవ కుమార్తెను దత్తత స్వీకరించిరి." హారిక పేరు రాయలేదు. బతికున్న మనిషి కదా. నియమం తప్పలేదని తృప్తిపడ్డాను. ఆ తృప్తి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దస్తావేజు మాట

ఆ తరవాత కొద్దిరోజులకు ఉదయం పూట రాజ్యలక్ష్మిగారు నందిగామలో మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ కాఫీ తెస్తానంటే వద్దన్నారు. వసారాలో కుర్చీ అంచున కూర్చున్నారు. సత్యనారాయణగారి తద్దినం దగ్గర పడిందనీ, పురోహితుడికి తిథి చెప్పడానికి హారిక ఫోన్లో తండ్రి పేజీ తెరిచిందనీ చెప్పారు. మిగతాది నాకు అర్థమైంది.

"మీరు రాసింది అబద్ధమని చెప్పడానికి రాలేదు రైటరుగారూ. అంతా నిజమే. దానికి చెప్పకూడదనీ కాదు. ఆయన ఉన్నప్పుడే అనుకున్నాం. చదువు అయ్యాక నేనూ మా చెల్లీ చెరో పక్కన కూర్చుని చెబుదామని. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాం. తనైతే ఏడుస్తానని, నన్నే ముందు చెప్పమంది."

ఆవిడ కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ అన్నారు:

"సంతానం లేనందున అని రాశారు. ఇన్నేళ్ళు అమ్మా అనిపించుకున్నా. నాకు సంతానం లేదాండీ?"

"అది దస్తావేజు మాటమ్మా. దత్తత కాగితంలో కారణం రాయాలి గనక..."

"దస్తావేజు బీరువాలో ఉంటదండి, ఎవరూ చదవరు. ఇది నా కూతురు బస్సులో నిలబడి చదివింది."

ఆ బస్సు నందిగామ వచ్చే బస్సు. హారిక కాలేజీకి వెళ్ళకుండా పిన్ని ఇంటికి వెళ్ళింది. మళ్ళీ జగ్గయ్యపేట రాలేదు. తల్లి ఫోన్ చేస్తే ఎత్తదు. శేషు ఫోనుకు చేస్తే ఎత్తి, గొంతు వినగానే పిన్ని చేతికి ఇచ్చేస్తుంది. కొట్లో అడిగినవాళ్ళకు, చదువుకోవడానికి చెల్లెలింట్లో ఉంటోందని ఈవిడ చెబుతున్నారు.

లేచి వెళ్తూ అన్నారు: "అది తీసెయ్యండి. మిమ్మల్నింకేం అడగను. పిల్ల నాకు తిరిగి రావడం మీ చేతిలో లేదు."

అదే రోజు పేట వెళ్ళాను. రాంబాబు వాక్యం తీసేశాడు. "తీసేసా రైటరుగారూ. కానీ వెతికితే కొన్నాళ్ళు పాతదే వస్తది. ఎవరన్నా ఫోటో తీసుకుని ఉంటే మన చేతిలో లేదు" అన్నాడు. ఎవరో తీసుకున్నారు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో అది తిరిగింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసేయమని బతిమాలాను. ఏది అని నన్ను అడగకుండానే "తీసేసానండీ" అన్నవాళ్ళే ఎక్కువ. అంటే అందరూ చదివారు. కాగితం తప్పయితే చింపవచ్చు, మళ్ళీ రాయవచ్చు. ఆ ధీమాతో ఈ పనిలోకి రాకండి. ఇక్కడ చింపడానికి కాగితం లేదు.

ఏ అమ్మ

శేషుకు ఫోన్ చేసి, హారిక ఒప్పుకుంటే వచ్చి కలుస్తానన్నాను. రెండు రోజుల తరవాత రమ్మని కబురు వచ్చింది. వాళ్ళ వరండాలో చాప మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. నాకు కుర్చీ వేసింది గానీ నవ్వలేదు.

"మీరేనా రాసింది?"

"నేనేనమ్మా. తప్పు చేశాను. అది చెప్పడానికే వచ్చాను."

"నా పేరు రాయలేదేం?"

"బతికున్నవాళ్ళ పేర్లు బయట పెట్టకూడదని నియమం పెట్టుకున్నామమ్మా."

"మా నాన్నకి నేనొక్కదాన్నే కదండీ. ఇంక పేరెందుకు?"

నా వృత్తి అంతా కలిపి నేర్పనిది ఆ అమ్మాయి ఒక్క మాటలో చెప్పింది. మనిషిని పట్టి ఇచ్చేది పేరు ఒక్కటే కాదు. తోడల్లుడన్నాను, రెండవ కుమార్తె అన్నాను. ఊళ్ళో ఆ రెండు మాటలు చాలు. మన చుట్టరికాల మాటలే చిరునామాల్లాంటివి. ఆడపడుచు అంటే చాలు, ఏ ఇంటి ఆడపడుచో వెతుక్కోనక్కర్లేదు.

కాసేపు పుస్తకం పేజీలు తిప్పింది. మళ్ళీ తనే అడిగింది.

"వాళ్ళు ఎందుకు పుచ్చుకున్నారో రాశారు. వీళ్ళు ఎందుకిచ్చారో రాయలేదు. మీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పండి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. శేషు వింటోంది. ఆ రోజు షెడ్డులో ఆమె అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఈ పిల్ల మనసు తేలికపడుతుందని నాకు గట్టిగా అనిపించింది. సత్యనారాయణగారి పేజీలో ఆ వాక్యం రాసిన రోజు కూడా నాకు మంచే చేస్తున్నానని గట్టిగా అనిపించింది. అది గుర్తొచ్చి ఆగాను.

"అది నేను చెప్పకూడదమ్మా. మీ అమ్మ చెప్పాలి."

"ఏ అమ్మ?"

"అదీ నేను చెప్పకూడదు."

మొదటిసారి నా మొహంలోకి తేరిపార చూసింది. "ఈ తెలివి కాస్త ముందొచ్చుంటే బాగుండేదండి" అంది. కోపంగా అనలేదు. బస్సు తప్పిపోయినవాడితో ఇంకో బస్సు ఎప్పుడుందో చెప్పినట్టు అంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

మిగిలినది కొద్దిగా చెబుతాను. బతికున్న మనిషి గురించి ఆ మనిషినే అడగండి. భర్త చెప్పాడనీ మామగారు చెప్పాడనీ రాయకండి. చిన్నపిల్లల విషయం అసలు రాయకండి. వాళ్ళు పెద్దయ్యాక కావాలంటే వాళ్ళే రాసుకుంటారు. పోయినవాళ్ళ పేజీలో రాసే ప్రతి మాటనూ బతికున్నవాళ్ళ కళ్ళతో ఒకసారి చదవండి. మొదటి పెళ్ళి, దత్తత, జబ్బు, జైలు, విడాకులు ఇవన్నీ నిజాలే. నిజం కావడం ఒక్కటే వాటిని బయట పెట్టడానికి కారణం కాదు. నా వయసువాళ్ళలో చాలామందికి ఈ మాట రుచించదు. నిజం దాచడం తప్పని పెరిగాం. నిజం ఎవరిదో, చెప్పే వంతు ఎవరిదో చూడకుండా చెప్పడం కూడా తప్పేనని మాకెవరూ చెప్పలేదు. వీరభద్రయ్యగారు చెప్పారు, నేను వినలేదు.

ఎవరైనా తీసేయమంటే కారణం అడగకండి. కారణం చెప్పమనడమే ఇంకోసారి బయట పెట్టమనడం. చెట్టులో ఖాళీ గడి ఉంటే నవ్వేవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ నవ్వు నేను భరించి ఉంటే సరిపోయేది.

విశేషాలు అన్న చోటును ఆ సైటులోంచి పూర్తిగా తీయించేశాను. కోటేశ్వరరావుగారికి కష్టంగానే అనిపించింది. "ఇంక చెట్టులో ఏం మిగిలిందండీ, కొమ్మలు తప్ప" అన్నారు. కొమ్మలు చాలండి అన్నాను. ఇంటింటికీ మళ్ళీ వెళ్ళి, ఒక్కొక్కరినీ విడిగా అడిగి, వద్దన్నవాళ్ళ గడులు ఖాళీగా వదిలేశాను. ఆ తరవాత ఆ పని మానేశాను.

ఆ తరవాత

రాజ్యలక్ష్మిగారు ఒకసారి ఫోన్ చేశారు. నేను చేయలేదు, ఆవిడే చేశారు. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి ఉంటుంది, జరిగిందంతా తెలిసిన బయటివాణ్ణి నేనొక్కణ్ణే. హారిక ముందురోజు తనంతట తను ఫోన్ చేసిందట. "అమ్మా అన్లేదు రైటరుగారూ. పెద్దమ్మా అనీ అన్లేదు. ఏ పిలుపూ లేకుండా, అన్నం తిన్నావా అని అడిగింది" అన్నారు. తిన్నానని చెప్పారట. నిజానికి అప్పటికి తినలేదట.

తరవాత ఆవిడ నందిగామ వెళ్ళారనీ, ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారనీ విన్నాను. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేయలేదు.

ఈ వ్యాసం రాయాలనిపించినప్పుడు ముందు హారికనే అడిగాను. రాసి తీసుకురండి, చూస్తానంది. కిందటి ఆదివారం జగ్గయ్యపేట వెళ్ళాను. కొట్లో గల్లా దగ్గర తనే కూర్చుని ఉంది. కాగితాలు తీసుకుని, బేరాల మధ్య ఆగుతూ ఆగుతూ చదివింది. చదువుతున్నంతసేపూ నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. ఉద్యోగం కోసం వచ్చినవాడిలా ఉంది నా పరిస్థితి.

కలం తీసుకుని ఒకచోట నాలుగు వరసలు కొట్టేసింది. "ఇవి నాన్న గురించి. నాకుండనివ్వండి" అంది. సరేనన్నాను. ఇంకొక చోట ఆగి, చాలాసేపు చూసి, దాన్ని అలాగే వదిలేసింది.

తరవాత వాడిపోయినట్టున్న నా మొహం చూసి కాబోలు, తల తిప్పకుండానే కొట్టు వెనక ఇంట్లోకి కేకేసింది.

"అమ్మా, రైటరుగారికి మంచినీళ్ళు."

ఆ రోజు శేషు కూడా అక్కడే ఉన్నట్టుంది. లోపలినుంచి రెండు గొంతులు ఒక్కసారే "ఆఁ, తెస్తున్నా" అన్నాయి. హారిక చేతిలో కలం ఆగింది. ఎవర్ని పిలిచిందో చెప్పలేదు. నేను అడగలేదు.

గ్లాసు ఎవరు తెచ్చారో ఇక్కడ రాయను.